కౌన్సెలర్ చదువు: అపోహలు, వాస్తవాలు

టెక్సస్‌లో మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌గా పనిచేస్తూ, ఈ చదువులో ఉన్నవారికి శిక్షణ కూడా ఇస్తున్నాను. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఈ కోర్సు చదువుతామంటే పెద్దలు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

అపోహ: నాలుగు మంచి మాటలు చెప్పడానికి మాస్టర్స్ ఎందుకు?

వాస్తవం: ఇందులో మొదట మానుకోవలసింది ఆ మంచి మాటలనే. క్లయింట్ అనుమతితో రికార్డు చేసిన సంభాషణను విద్యార్థి, సూపర్‌వైజర్ కలిసి ఆపి ఆపి వింటారు. "ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదండీ" అని క్లయింట్ అనగానే, "చెప్పేస్తే మనసు తేలికపడుతుంది" అంటారు కొత్త విద్యార్థులు. నేను రికార్డింగ్ అక్కడే ఆపుతాను. చెబితే ఏమవుతుందని ఆ మనిషి భయపడుతున్నారో అడగనే లేదు కదా!

ఈ నేర్పు పుస్తకాలతో రాదు. కాక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సులో 60 క్రెడిట్లతో పాటు ప్రాక్టికమ్ (తొలి విడత ప్రత్యక్ష శిక్షణ) 100 గంటలు, ఇంటర్న్‌షిప్ 600 గంటలు ఉంటాయి. ప్రాక్టికమ్‌లో 40, ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు నేరుగా క్లయింట్లతోనే గడపాలి. ఆన్‌లైన్ కోర్సుకైనా ఇవి తప్పవు. ఆ గంటలు ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో చేయిస్తారో చేరకముందే అడగాలి.

అపోహ: ఆత్మహత్య మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్లే.

వాస్తవం: అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా విద్యార్థులకు నోరు రాదు. "అలాంటి ఆలోచనలేమీ లేవు కదా?" అంటారు. అలా అడిగితే ఎవరైనా "లేవండీ" అనే అంటారు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని తొట్రుపడకుండా అడగడం పదే పదే సాధన చేయిస్తాం. నా దృష్టిలో శిక్షణ మొత్తంలో ఇంతకు మించిన పాఠం లేదు.

సైకాలజీ డిగ్రీ లేకపోతే సీటు రాదన్నదీ నిజం కాదు. చాలాచోట్ల ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారు. ఇక మందులు రాయడం సైకియాట్రిస్టుల పని, మాది కాదు.

అపోహ: పట్టా రాగానే సొంతంగా క్లినిక్ తెరవచ్చు.

వాస్తవం: రాష్ట్రానికో నిబంధన. టెక్సస్‌లో పరీక్ష రాసి, అసోసియేట్ లైసెన్సుతో (పూర్తి లైసెన్సుకు ముందు ఇచ్చేది) సూపర్‌వైజర్ కింద 3,000 గంటలు పనిచేయాలి. అందులో 1,500 క్లయింట్లతోనే. కనీసం 18 నెలలు పడుతుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై వచ్చినవారికి చదువు తర్వాత దొరికే ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసేందుకు అనుమతి, 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకిచ్చే పొడిగింపు సాధారణంగా దీనికి వర్తించదు. మిగిలిన నెలలు ఏ వీసాపై పూర్తి చేస్తారో, మీలాగే ఎఫ్-1పై వచ్చిన పాత విద్యార్థులు ఎలా పూర్తి చేశారో బ్యాంకు రుణానికి సంతకం పెట్టకముందే విశ్వవిద్యాలయాన్ని అడిగి తెలుసుకోండి.