నొటేషన్ ఫైళ్లు: మా క్వైర్‌లో తిరిగే అపోహలు, అసలు సంగతులు

పర్లాకిమిడిలో మా చర్చి క్వైర్‌కి (పాటల బృందానికి) నొటేషన్, అంటే గీతల మీద రాసే స్వరాలు, టైప్ చేసేది నేనే. ఆల్టో, టెనార్ గొంతుల వరుసలు సర్దేది బరంపురంలో ఒకాయన. గుణుపురం నుంచి క్లారినెట్ మాస్టారు వస్తారు. ముగ్గురివీ మూడు సాఫ్ట్‌వేర్లు. డిసెంబరు వస్తే ఫైళ్లతో ఒకటే టెన్షన్.

అపోహ: అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ కొనాల్సిందే.

అక్కర్లేదు. నాది ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్, ఆయనది సిబీలియస్, మాస్టారిది ఫినాలే. మధ్యలో ఈ మూడూ చదవగల ఉమ్మడి ఫైలు రూపం, మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఉంది, 2004 నుంచి. ఫినాలేని ఇక అభివృద్ధి చేయబోమని కంపెనీ 2024 ఆగస్టులోనే ప్రకటించింది. ఫినాలే ఉన్న ఆ కంప్యూటర్ మొరాయించకముందే పాత పాటలన్నీ మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చి పెట్టుకోండి మాస్టారూ అని చెబుతూనే ఉన్నాను.

అపోహ: మిడి ఫైలు పంపినా అదే కదా.

మిడి అంటే ఏ మెట్టు ఎప్పుడు పలకాలో నంబర్లలో చెప్పే ఫైలు. వినడానికి అదే. హార్మోనియం మీద సి షార్ప్, డి ఫ్లాట్ ఒకే నల్లమెట్టు, మిడికీ అంతే: మధ్య సి 60 అయితే దాని పక్క మెట్టు 61. రాతలో ఏది వేయాలో ఆ నంబరు చెప్పదు. మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లో స్వరం పేరు, షార్పో ఫ్లాటో, ఏ స్థాయో విడివిడిగా ఉంటాయి.

అపోహ: మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లో పంపితే పేజీ ఉన్నదున్నట్టు వస్తుంది.

స్వరాలు, కాలాలు, సాహిత్యం చాలావరకు వస్తాయి. పేజీ అమరిక మాత్రం చెదురుతుంది, అందుకే చూసుకోవడానికి పక్కన పీడీఎఫ్ కూడా పెడతాను.

అసలు తలనొప్పి సాహిత్యంతో. ఒకసారి డీటీపీ షాపులో అను ఫాంట్లో కొట్టించిన పాటను తెచ్చి అతికించాను. నా దగ్గర చక్కగా కనిపించింది. బరంపురంలో తెరిస్తే అంతా పిచ్చి ఇంగ్లీషు గుర్తులే. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెడతాయి, ఫాంటు లేని చోట ముసుగు తీసేసినట్టే. అప్పటి నుంచి తెలుగు వరుస, కింద ఒడియా వరుస, రెండూ యూనికోడ్‌లోనే, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లకూ తెలిసిన సొంత నంబరు ఉండే పద్ధతిలో. ఇంకోటి, ‘స్తోత్రము’ను స్తో-త్ర-ము అని హైఫన్‌తోనే విడగొట్టాలి. స్పేస్ కొడితే అవతలి సాఫ్ట్‌వేర్‌కి అవి మూడు వేర్వేరు మాటలు.

అపోహ: డ్రైవ్‌లో పెడితే ఇద్దరం ఒకేసారి దిద్దుకోవచ్చు.

ఇది గూగుల్ డాక్ కాదు. నేను టెనార్ దిద్దిన రాత్రే ఆయన ఆల్టో దిద్ది సేవ్ చేశారు, నా పని గల్లంతు. ఇప్పుడు ఫైలు పేరులో తేదీ ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉందో వాట్సాప్‌లో చెప్పాకే తెరుస్తాం.

అపోహ: పీడీఎఫ్ నీట్‌గా ఉంటే పార్టు (ఒక్కో వాద్యానికి విడిగా తీసే కాగితం) సరైనట్టే.

బి ఫ్లాట్ క్లారినెట్‌కి వినిపించేదాని కన్నా ఒక టోన్ పైన రాయాలి. నేను కన్సర్ట్ పిచ్ బటన్ (అన్నిటినీ వినిపించే స్వరంలోనే చూపించేది) ఆన్‌లో ఉంచే ప్రింట్ తీశాను. రిహార్సల్లో మాస్టారు ఊదితే మొత్తం ఒక టోన్ కింద పలికింది. ‘ఏం బాబూ, నా రీడా, నీ కంప్యూటరా?’ అన్నారు. ఆ బటన్ చూడమని మానిటర్ అంచున చీటీ ఇంకా అలాగే ఉంది.