మూడు వందల రూపాయల్లో మంచి ఇంకు పెన్ను

నల్లగొండ

చిరంజీవులైన మనుమలకూ మనుమరాండ్రకూ తాత ఆశీస్సులు.

పండుగకు మీ మేనమామ ఇచ్చిన డబ్బులోంచి తలా మూడు వందలు పక్కన పెట్టుకున్నామనీ, ఆ డబ్బుకు మంచి ఇంకు పెన్ను వస్తుందా అనీ అడిగారు. ఫోనులో చెబితే సగం మరిచిపోతారు కనుక ఉత్తరం రాస్తున్నాను. తప్పక వస్తుంది. కాకపోతే ఆ డబ్బు పెన్నులో దేనికి పెడుతున్నామో తెలిసి పెట్టాలి. నిజానికి రాసేవి పాళీ, దాని కింద ఆనుకుని ఉండే నాలుక, ఈ రెండే. మిగిలినదంతా చేతికి పట్టు కోసం, కంటికి ఇంపు కోసం ఉంటుంది. దుకాణంలో ధర మాత్రం ఈ మిగిలినదానికే ఎక్కువగా పెరుగుతుంది. మెరిసే క్లిప్పుకు, బరువైన ఇత్తడి గొట్టానికి, మఖ్మల్ డబ్బాకు మీ మూడు వందలు ఖర్చయితే పాళీకి మిగిలేది ఏముంటుంది?

పాళీ నడుమ సన్నని చీలిక ఉంటుంది, నాలుక మీద అంతకంటె సన్నని గాడి ఉంటుంది. గొట్టంలోని ఇంకు ఆ గాడి వెంట వచ్చి చీలికలో చేరి మొనకు దిగుతుంది. మొన కాగితానికి తగలగానే కాగితపు పీచు దానిని పీల్చుకుంటుంది. మీ సైన్సు పుస్తకంలో కేశనాళికీయత అని చదువుకునేది ఇదే. అయితే దిగిన ఇంకు స్థానంలోకి అంత గాలి లోపలికి పోవాలి. పోకపోతే రాస్తూ రాస్తూ ఉండగా పెన్ను ఆగిపోతుంది, మరీ ఎక్కువ పోతే కక్కుతుంది. నాలుక అడుగున దువ్వెన పళ్ళలాగా కనిపించే గీతలు ఉన్నాయి చూశారా, అవి అలా ఎక్కువైన ఇంకును పుస్తకం మీద పడనీయకుండా పట్టి ఉంచడానికే. ఇంకు నింపుకొనే పెన్నుకు రుమేనియాకు చెందిన పెట్రాకె పోయెనారు 1827లోనే ఫ్రాన్సులో పేటెంటు పొందాడు. కాని అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందినది ఇంకు దిగడాన్నీ గాలి ఎక్కడాన్నీ కుదిర్చే ఈ నాలుక విషయంలోనే. అందుకే పాళీని ఎంత శ్రద్ధగా చూస్తారో నాలుకను కూడా అంత శ్రద్ధగా చూడమంటున్నాను.

క్లాక్ టవర్ చుట్టుపక్కల ఏ పుస్తకాల దుకాణానికి వెళ్ళినా మొదట మూత తీసి పాళీని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. చీలిక మొన వైపు వచ్చేకొద్దీ సన్నబడాలి. మొన దగ్గర చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి లేచి మరొకటి కిందికి వంగి ఉంటే, దుకాణదారు ఎంత తగ్గించి ఇస్తానన్నా ఆ పెన్ను తీసుకోకండి. చీలిక నాలుక నడుమ గాడికి సరిగ్గా మీదుగా ఉందో లేదో చూడండి. తరువాత మొన కొసను చూడండి. మంచి పాళీకి అక్కడ గట్టి లోహపు చిన్న బొట్టు అతికి ఉంటుంది, ఏళ్ళ తరబడి రాసినా అది తొందరగా అరగదు. మరీ చౌక పాళీల్లో కొన్నింటికి ఆ బొట్టు ఉండదు, ఉక్కు రేకునే కొసన మడిచి గుండ్రం చేస్తారు. పాళీ మీద ఇరీడియం అని, అంటే ఆ గట్టి లోహం పేరుతో, ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మనక్కర లేదు, ఆ ముద్ర వేయడానికి ఎవరికీ పెద్ద ఖర్చు కాదు.

బంగారు పాళీ మీద ఆశ పెట్టుకోకండి. పాతకాలపు బ్లూబ్లాక్ ఇంకుల్లో ఆమ్లం ఎక్కువగా ఉండి మామూలు ఉక్కు పాళీని తినేసేది. బంగారానికి ఆ భయం లేదు కాబట్టి అప్పట్లో దానికి అంత విలువ ఉండేది. ఇప్పటి బడి ఇంకులకు స్టెయిన్‌లెస్ స్టీలు పాళీ చక్కగా సరిపోతుంది.

ఇక రాసి చూడటం. చాలామంది సంతకం పెట్టి చూసి బాగుందంటారు. చేతికి అంతగా అలవాటైన సంతకం ఏ పెన్నుతోనైనా వస్తుంది కనుక దానితో తెలిసేది తక్కువ. మీరు వరుసగా ఒక పంక్తి నిండా తలకట్లు పెట్టండి. తలకట్టు పెట్టేటప్పుడు కలం కొంచెం కిందికి దిగి, వెంటనే కుడివైపు పైకి తోసుకుపోతుంది. పాళీలో గరుకుతనం ఉంటే కిందికి లాగే గీతలో దాక్కుంటుంది కాని, ఈ పైకి తోసే గీతలో దాగలేదు, కాగితాన్ని గీరుతుంది, కొన్నిసార్లు పీచు కూడా లేపుతుంది. ఆ తరువాత లక్ష్మి, కృష్ణ, స్త్రీ అని మీ నోటుపుస్తకంలో రాసుకునే సైజులోనే రాయండి. ఒత్తుల కడుపులు ఇంకుతో పూడిపోతే ఆ పాళీ మీ రాతకు లావన్నమాట. పలుచని కాగితపు నోటుపుస్తకాలకు ఫైన్ పాళీయే మేలు. ఎడమ చేత్తో రాసే చిన్నదానికైతే మరీ మేలు, ఎందుకంటే సన్నని గీత త్వరగా ఆరుతుంది, అరచేతికి అంటదు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. పాళీని ఇంకులో ముంచి రాస్తే పాళీ గుణం తెలుస్తుందే కాని నాలుక గుణం తెలియదు. వీలైతే నింపి చూపించమని మర్యాదగా అడగండి. కుదరకపోతే కొన్న రోజే ఇంట్లో ఇంకు నింపి, ఆపకుండా రెండు పేజీలు రాయండి. నడుమ ఆగినా, బొట్లు పడినా, రసీదుతో మరునాడే తీసుకెళ్ళి మార్చి ఇమ్మనండి.

ఇంకు నింపే పద్ధతుల్లో గొట్టంలోకే ఫిల్లరుతో పోసే పెన్ను చౌక, ఇంకు కూడా ఎక్కువ పడుతుంది. కాని మన జిల్లా ఎండల సంగతి మీకు తెలుసు. ఇంకు సగం కంటె తగ్గిన తరువాత, చేతి వేడికీ గాలి వేడికీ గొట్టంలోని గాలి వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది. బడి సంచిలో మోసే పెన్ను కాబట్టి, లోపల చిన్న కన్వర్టరు ఉండి తిప్పితే ఇంకు పీల్చుకొనే రకం దొరికితే అదే తీసుకోండి. కార్ట్రిడ్జీ, అంటే ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం, అయిపోయిన ప్రతిసారీ కొత్తది కొనాల్సిందే కనుక అదొక్కటే పట్టే పెన్ను మీ బడ్జెటుకు బరువు.

కంపెనీల విషయానికి వస్తే, మొదటి పెన్నుగా కామ్లిన్ బడి పెన్నులు చూడండి. షాంఘైకి చెందిన హీరో 616లో పాళీ దాదాపు అంతా లోపల దాగి మొన ఒక్కటే కనిపిస్తుంది. అది తొందరగా ఆరిపోదు, కాని నకిలీలు చాలా ఉన్నాయి, పైగా పాళీని పరీక్షించడానికి వీలు తక్కువ. రాజమండ్రి రత్నం పెన్నులను గాంధీజీ వాడి, మెచ్చుకుంటూ 1935లో ఉత్తరం రాశారు. చేత్తో చేసే ఆ ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులకు మీ మూడు వందలు చాలవు, జర్మనీ లామీ కూడా అంతే. ఉద్యోగాల్లో చేరాక కొనుక్కోండి.

ఇంకు కూడా ఫౌంటెన్ పెన్ను కోసమని బుడ్డి మీద రాసి ఉన్నదే కొనండి. బొమ్మల ఇంకులో లక్క ఉంటుంది, అది ఎండితే నాలుక గాడి మూసుకుపోతుంది. నెలకొకసారి చల్లని నీళ్ళతో కడగండి. మన బోరు నీళ్ళు ఆరితే గ్లాసుల మీద తెల్లని మచ్చలు మిగులుతాయి కదా, ఆ ఉప్పే నాలుకలోనూ మిగులుతుంది. అందుకని చివరిసారి తాగే ఫిల్టరు నీళ్ళతో కడిగి, గుడ్డ మీద తలకిందులుగా ఆరబెట్టండి. పరీక్షల్లో జవాబుల గడులు నింపే ఓఎంఆర్ పత్రాలకు మాత్రం బాల్‌పెన్నే వాడాలి, ఇంకు పెన్నుతో గడులు నింపకండి.

కొన్న పెన్ను కొంచెం గీరినా గరుకు కాగితంతో పాళీని రుద్దకండి, ఆ లోహపు బొట్టు పోతే మళ్ళీ రాదు. సెలవులకు వచ్చేటప్పుడు వెంట తెండి. నా దగ్గర భూతద్దం ఉంది, రెక్కలు సర్ది ఇస్తాను. నా వల్ల కాకపోతే హైదరాబాదు వెళ్ళినప్పుడు అబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్‌లో చూపిద్దాం.

ఇట్లు,
మీ తాత