మనవాడే అంపైర్ అయితే

క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ, అంటే వికెట్లకు తగలాల్సిన బంతికి కాలు అడ్డొచ్చిందని ఔట్, ఇవ్వడమంటే జరగని దాన్ని చూసి చెప్పడం. ప్యాడ్ అడ్డు రాకపోతే బంతి ఎటు పోయేదో, వికెట్లకు తగిలేదో లేదో అంపైర్ మనసులోనే గీత గీసుకోవాలి. రనౌట్‌కు క్రీజు గీత ఉంటుంది, బౌల్డ్‌కు కింద పడ్డ బెయిల్స్ ఉంటాయి. ఎల్బీకి అలాంటి సాక్ష్యం ఏదీ లేదు. పైగా సందేహం ఉంటే బ్యాటర్‌కే వదిలేయాలన్నది ఆటలో పాత సంప్రదాయం. మరి ఆ సందేహం ఎవరు బ్యాటింగ్ చేస్తున్నప్పుడు తొందరగా వస్తుంది? సొంత జట్టువాడు ఆడుతున్నప్పుడా, అవతలివాడు ఆడుతున్నప్పుడా? వందేళ్ళకు పైగా క్రికెట్‌లో ఎన్నో గొడవలకు మూలం ఈ ప్రశ్నే.

తొలి టెస్టు మెల్‌బోర్న్‌లో 1877లో జరిగింది. అప్పటినుంచి దాదాపు అన్ని టెస్టులకూ పద్ధతి ఒక్కటే: మ్యాచ్ ఎవరి దేశంలో జరిగితే అంపైర్లు ఆ దేశంవాళ్ళే. 1912లో ఇంగ్లాండ్‌లో మూడు దేశాల పోటీ పెట్టినప్పుడు ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మ్యాచ్‌లకు ఇంగ్లాండ్ అంపైర్లు నిలబడ్డారు కానీ, అది కావాలని చేసిన సంస్కరణేమీ కాదు. ఇంట్లోవాడు తీర్పు చెబితే తప్పేముంది, పెద్దమనుషుల ఆట కదా అన్నది అప్పటి నమ్మకం.

ఆ నమ్మకం 1970ల చివర్లో, 80లలో ముక్కలైంది. 1978 నవంబర్‌లో సాహివాల్‌లో పాకిస్థాన్‌తో వన్డేలో మనకు 14 బంతుల్లో 23 పరుగులు కావాలి, చేతిలో 8 వికెట్లున్నాయి. సర్ఫరాజ్ నవాజ్ తలమీదుగా వరసగా బౌన్సర్లు వేస్తుంటే అంపైర్లు ఒక్కటీ వైడ్ ఇవ్వలేదు. కెప్టెన్ బిషన్ సింగ్ బేడీ బ్యాటర్లను వెనక్కి పిలిచేసి మ్యాచ్ వదిలేశాడు. 1980లో న్యూజిలాండ్ వెళ్ళిన వెస్టిండీస్‌కైతే అంపైర్ల మీద కోపం అదుపు తప్పింది. డునెడిన్‌లో మైకేల్ హోల్డింగ్ స్టంప్స్‌ను కాలితో తన్నాడు. క్రైస్ట్‌చర్చ్‌లో కోలిన్ క్రాఫ్ట్ బౌలింగ్‌కు పరిగెత్తుకొస్తూ అంపైర్‌ను భుజంతో ఢీకొట్టాడు. మన దేశానికి వచ్చిన జట్లూ మన అంపైర్ల మీద ఇవే ఫిర్యాదులు చేసేవి. అవి మన పత్రికల్లో పెద్దగా కనిపించేవి కావు, కనిపించినా ఓడినవాళ్ళ ఏడుపు అనుకునేవాళ్ళం.

ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది 1986 సెప్టెంబర్ 22న మద్రాస్ చెపాక్‌లో జరిగినది. ఆస్ట్రేలియాతో టెస్టు చివరి ఓవర్. స్కోర్లు సమానం. మనకు మిగిలింది ఒకే వికెట్. గ్రెగ్ మాథ్యూస్ బంతి మణిందర్ సింగ్ ప్యాడ్‌కు తగిలింది. అప్పీల్ చేసీ చేయకముందే భారత అంపైర్ విక్రమ్‌రాజు వేలెత్తారు. టెస్టు టై అయింది, చరిత్రలో అప్పటికి అది రెండో టై. బంతి బ్యాట్‌కు తగిలిందని మణిందర్ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు చెబుతూ వచ్చాడు. విక్రమ్‌రాజు మరో టెస్టుకు అంపైర్‌గా కనిపించలేదు. సొంత జట్టు గెలుపు ముంగిట నిలబడి, ముప్పై వేలమందికి పైగా జనం అరుస్తుంటే, తనకు కనిపించింది చెప్పిన మనిషి ఆయన. నిర్ణయం తప్పే కావచ్చు, కానీ ఆ తప్పులో పక్షపాతం లేదు. ఇంటి అంపైర్ మనవైపు ఇస్తే బయటివాళ్ళు దొంగ అంటారు, అటువైపు ఇస్తే మనవాళ్ళు ద్రోహి అంటారు. ఆయన కుర్చీయే అలాంటిది.

ఆ రెండు నెలలకే పాకిస్థాన్‌లో ఒక కొత్త ప్రయత్నం జరిగింది. వెస్టిండీస్ పర్యటనకు వచ్చింది. ఫైసలాబాద్ తొలి టెస్టులో పాకిస్థాన్ అంపైర్లే నిలబడ్డారు, వెస్టిండీస్ రెండో ఇన్నింగ్స్‌లో 53కే కుప్పకూలి ఓడిపోయింది. మేం గెలిస్తే అంపైర్ల వల్ల గెలిచామంటారు, ఆ మాట పడటం నాకిష్టం లేదన్నది కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ వాదన. లాహోర్, కరాచీ టెస్టులకు ఇద్దరు భారతీయ అంపైర్లను పిలిపించారు. ఒకరు బొంబాయికి చెందిన పీలూ రిపోర్టర్, మరొకరు మన హైదరాబాద్ అంపైర్ వి.కె. రామస్వామి. పాకిస్థాన్ గడ్డమీద, పాకిస్థాన్ ఆడుతున్న మ్యాచ్‌కు భారతీయులు తీర్పరులు! లాహోర్‌లో పాకిస్థాన్ ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. అయినా ఇమ్రాన్ ఆ డిమాండ్ వదల్లేదు. అందుకే ఆ మాటకు విలువ వచ్చిందని నా అభిప్రాయం. తనకు నష్టం జరిగిన రోజు కూడా తటస్థ అంపైర్ కావాలన్నవాడి మాట నమ్మొచ్చు.

1987 డిసెంబర్‌లో ఫైసలాబాద్‌లో ఇంగ్లాండ్ కెప్టెన్ మైక్ గ్యాటింగ్, అంపైర్ షకూర్ రాణా ఒకరి ముఖంలోకి ఒకరు వేలు చూపించుకుంటూ అరుచుకున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. బౌలర్ పరుగు మొదలుపెట్టాక గ్యాటింగ్ ఫీల్డర్‌ను జరుపుతున్నాడన్నది అంపైర్ ఆరోపణ. క్షమాపణ చెప్పేదాకా మైదానంలోకి రానని రాణా కూర్చుండిపోతే మూడో రోజు ఆట మొత్తం పోయింది. చివరికి గ్యాటింగ్ ఒక చీటీ మీద క్షమాపణ రాసిచ్చాడు. ఇంగ్లాండ్ అభిమానికి ఆ ఫొటోలో కనిపించింది మోసపోయిన కెప్టెన్. పాకిస్థాన్ అభిమానికి కనిపించింది ఒకప్పటి దొరల అహంకారం. అదే ఏడాది వేసవిలో ఇంగ్లాండ్‌లో ఆడిన పాకిస్థాన్, ఒక అంపైర్‌ను తమ టెస్టులకు పెట్టొద్దని అడిగితే అక్కడి బోర్డు ఒప్పుకోలేదన్న సంగతి తెలిస్తే తప్ప రెండో చూపు అర్థం కాదు.

1989లో సచిన్ తొలి సిరీస్‌కు పాకిస్థాన్‌లో నిలబడ్డ అంపైర్లు ఇంగ్లాండ్‌కు చెందిన జాన్ హాంప్‌షైర్, జాన్ హోల్డర్. నాలుగు టెస్టులూ డ్రా. అంపైర్ల మీద గొడవ లేకుండా భారత్, పాకిస్థాన్ ఒక సిరీస్ ముగించడమే పెద్ద విషయం. 1994 నుంచి ప్రతి టెస్టులో ఒక అంపైర్ బయటి దేశంవాడు ఉండాలని అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) నియమం పెట్టింది. 2002లో ఎనిమిదిమంది మేటి అంపైర్లతో ఎలైట్ ప్యానెల్ వేసి, ఇద్దరూ బయటివాళ్ళే కావాలంది. ఆ మొదటి ఎనిమిదిమందిలో మన వెంకటరాఘవన్ ఒకరు.

ఇంతా చేస్తే నిజంగా తేడా వచ్చిందా? అభినవ్ సచేతి, ఇయాన్ గ్రెగరీ-స్మిత్, డేవిడ్ పాటన్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్ర పరిశోధకులు 1000 టెస్టుల ఎల్బీడబ్ల్యూ లెక్కలు తీసి చూశారు. జట్ల బలాబలాలు, మైదానాల తేడా అన్నీ పక్కకు తీసి చూసినా, తటస్థ అంపైర్లు వచ్చాక ఎల్బీలు ఆతిథ్య జట్టువైపు మొగ్గడం బాగా తగ్గిందని తేల్చారు. అంటే పాత అంపైర్లంతా దొంగలనా? కాదు. చాలామంది నిజాయితీపరులే. జనం అరుపు కూడా మనిషిని ఎటో నెడుతుంది. ఇంగ్లాండ్‌లో 40 మంది ఫుట్‌బాల్ రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 ఘటనల వీడియో చూపించారు, కొందరికి జనం అరుపులతో, మిగతావాళ్ళకు శబ్దం లేకుండా. అరుపులు విన్నవాళ్ళు ఆతిథ్య జట్టు మీద ఫౌల్స్ తక్కువ ఇచ్చారు. వాళ్ళెవరూ కావాలని చేయలేదు. పక్షపాతంలో భయపెట్టేది ఇదే, చేసేవాడికే అది తెలియదు.

చూసేవాడి సంగతి ఇంకా ఘోరం. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల ఫుట్‌బాల్ మ్యాచ్ కొట్లాటలా సాగింది. తర్వాత రెండు కాలేజీల విద్యార్థులకూ ఒకే ఫిల్మ్ చూపించి డార్ట్‌మత్ తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ పిల్లలకు కనిపించిన వాటికి రెట్టింపు పైన ప్రిన్స్‌టన్ పిల్లలకు కనిపించాయి. వార్తల విషయంలోనూ అంతే. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో జరిగిన పాలస్తీనా శరణార్థుల మారణకాండ మీద వచ్చిన టీవీ వార్తలను స్టాన్‌ఫర్డ్‌లో ఇజ్రాయెల్ అభిమానులకూ, అరబ్ అభిమానులకూ చూపిస్తే, ఇద్దరూ ఆ వార్తలు తమకే వ్యతిరేకంగా ఉన్నాయన్నారు. మనం రోజూ ఏదో ఒక చానెల్‌ను అమ్ముడుపోయిందని తిడుతుంటాం. అందులో ఎంత చానెల్ తప్పు, ఎంత మన కళ్ళ తప్పు అన్నది ఎప్పుడైనా లెక్క వేసుకున్నామా?

నేను వేసుకోలేదు, 2008 జనవరిలో ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు దాకా. తటస్థ అంపైర్లే, స్టీవ్ బక్నర్, మార్క్ బెన్సన్. సైమండ్స్ 30 దగ్గర కీపర్‌కు క్యాచ్ ఇచ్చినా నాటౌట్ అన్నారు, అతను 162 కొట్టి అజేయంగా నిలిచాడు. ద్రవిడ్‌కు బ్యాట్ తగలకపోయినా ఔట్ ఇచ్చారు. 122 పరుగులతో ఓడిపోయాం. మన బోర్డు బీసీసీఐ ఒత్తిడి తెచ్చింది, పెర్త్ టెస్టుకు బక్నర్‌ను తప్పించారు. ఆ తప్పులన్నీ నాకు నోటికి వచ్చు. చాలా ఏళ్ళ తర్వాత స్కోర్‌కార్డ్ తిరగేస్తుంటే అదే మ్యాచ్‌లో పాంటింగ్ ఔటైన తీరు కనిపించింది. 55 దగ్గర హర్భజన్ బంతి బ్యాట్‌కు తగిలి ప్యాడ్ మీద పడినా ఎల్బీ ఇచ్చేశారు. మనకు కలిసొచ్చిన ఆ తప్పు నా జ్ఞాపకంలో లేదు. మరిచిపోయానా, అసలు ఆ రోజే దాన్ని తప్పుగా చూడలేదా, ఇప్పుడు చెప్పలేను.

అంపైర్ దేశం మారిస్తే పక్షపాతం తగ్గింది కానీ పొరపాటు పోలేదు. అందుకే అదే ఏడాది జులైలో కొలంబోలో, అంపైర్ నిర్ణయాన్ని ఆటగాళ్ళు సవాలు చేస్తే టీవీలో సరిచూసే రివ్యూ పద్ధతిని (డీఆర్ఎస్) తొలిసారి టెస్టుల్లో ప్రయత్నించారు. ఆ సిరీస్‌లో శ్రీలంక రివ్యూలు చాలా ఫలించాయి, మనవి దాదాపు అన్నీ బెడిసికొట్టాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, 2016 నవంబర్‌లో రాజ్‌కోట్ టెస్టు దాకా, సొంత సిరీస్‌లలో మన బోర్డు డీఆర్ఎస్‌ను ఒప్పుకోలేదు. టెక్నాలజీ నూటికి నూరుపాళ్ళు నమ్మదగింది కాదన్నది చెప్పిన కారణం. కొలంబోలో రివ్యూలు మనకు కలిసొచ్చి ఉంటే అదే టెక్నాలజీ మీద అంత అనుమానం ఉండేదా? ఉండేది కాదని నా నమ్మకం.

కరోనా వచ్చి 2020లో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు ఐసీసీ మళ్ళీ ఇంటి అంపైర్లకు ఒప్పుకుంది. కానీ ఈసారి ఇన్నింగ్స్‌కు ఒక రివ్యూ అదనంగా ఇచ్చింది. 2021లో ఇంగ్లాండ్ ఇక్కడికి వచ్చినప్పుడు మన నితిన్ మీనన్ అంపైరింగ్‌ను అందరూ మెచ్చుకున్నారు. ఇంటివాడే అయినా తన నిర్ణయాన్ని నిమిషంలో మరొకరు సరిచూస్తారని తెలిసినప్పుడు ఆ కుర్చీ బరువు తగ్గుతుంది.

శాస్త్రం ఈ పాఠం ముందే నేర్చుకుంది, అదీ పరువు పోగొట్టుకున్నాకే. 1895లో జర్మనీకి చెందిన రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టాడు. 1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో బ్లోండ్లో అనే పేరున్న భౌతికశాస్త్రవేత్త ఎన్ కిరణాలు కనిపెట్టానన్నాడు. ఫ్రాన్స్‌లో చాలామందికి అవి కనిపించాయి, బయట చాలామందికి కనిపించలేదు. 1904లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ ఆ ప్రయోగశాలకు వెళ్ళి, చీకట్లో పరికరంలోంచి, ఆ కిరణాలను విడదీయాల్సిన పట్టకాన్ని చప్పుడు లేకుండా తీసేశాడు. కొలతలు మాత్రం మునుపటిలాగే చదువుతూ పోయారు. బ్లోండ్లో మోసగాడు కాదు. ఉండాలని కోరుకున్న మసక వెలుగు ఆయనకు నిజంగానే కనిపించింది. ఇవాళ మందుల పరీక్షల్లో ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్త మాత్ర ఇచ్చారో డాక్టర్‌కు కూడా తెలియనివ్వకపోవడం ఇందుకే.

రాజకీయాల్లో మాత్రం ఇంటి అంపైర్ ఇంకా అలాగే ఉన్నాడు. 1985లో రాజ్యాంగ 52వ సవరణతో, పదో షెడ్యూల్‌గా ఫిరాయింపుల చట్టం వచ్చింది. కండువా మార్చిన సభ్యుడిపై అనర్హత తీర్పు చెప్పే అధికారం స్పీకర్‌కు ఇచ్చారు. స్పీకర్‌ను ఎన్నుకునేది సభలోని మెజారిటీ, ఫిరాయింపులతో లాభపడేది మామూలుగా అదే మెజారిటీ. 1992లో కిహోటో హొలోహాన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీతో ఈ ఏర్పాటును నిలబెట్టింది. మిగతా ఇద్దరు ఒప్పుకోలేదు. మెజారిటీ మద్దతు మీద పదవి ఆధారపడ్డవాడు ఈ తగవుకు స్వతంత్ర తీర్పరి కాలేడని రాశారు.

మన రెండు రాష్ట్రాల్లో ఏం జరిగిందో చూడండి. 2014 డిసెంబర్‌లో తెలంగాణలో తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన ఎమ్మెల్యే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్ళారు, వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్‌లో చేరారంటూ అనర్హత పిటిషన్లు పడ్డాయి. ప్రతిసారీ ప్రజాస్వామ్యం ఖూనీ అని అరిచింది నష్టపోయిన పార్టీ, అభివృద్ధి కోసం వచ్చారని చెప్పింది లాభపడ్డ పార్టీ. కొద్ది ఏళ్ళు గడిచేసరికి డైలాగులు అవే, చెప్పే నోళ్ళు మారాయి. అభిమానులం మనమూ అంతే. మన పార్టీలోకి వస్తే చేరిక, మన పార్టీలోంచి పోతే ఫిరాయింపు.

2020 జనవరిలో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు, ఈ అధికారాన్ని స్పీకర్ నుంచి తీసి శాశ్వత ట్రిబ్యునల్‌కు ఇవ్వడం గురించి పార్లమెంటు ఆలోచించాలంది. 2025 జులై 31న తెలంగాణ ఎమ్మెల్యేల కేసులో మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌ను ఆదేశిస్తూ, అసలు ఈ ఏర్పాటు ఫిరాయింపులను ఆపుతోందా అన్నది పార్లమెంటే చూసుకోవాలని మళ్ళీ చెప్పింది. ఆ మాట చెప్పే నాటికి చట్టానికి నలభై ఏళ్ళు నిండాయి. పదో షెడ్యూల్ ఆరో పేరా మాత్రం మొదట్లో రాసినట్టే ఉంది: సభ్యుడు అనర్హుడా కాదా అన్న ప్రశ్న వస్తే నిర్ణయం స్పీకర్‌దే.