నడవగలిగినా వీల్‌చైర్ ఎందుకు? క్రూజ్ ప్రయాణంపై అపోహలు - వాస్తవాలు

వీల్‌చైర్ వాడేవాళ్ళకి క్రూజ్ ప్రయాణాలు కుదిర్చిపెట్టడం నా పని. నా దగ్గరికొచ్చే వాళ్ళలో చాలామంది రోజంతా కుర్చీలో ఉండేవాళ్ళు కాదు. ఇంట్లో నడుస్తారు, నాలుగు మెట్లు ఎక్కుతారు. కాస్త దూరమైతే మాత్రం నొప్పో, నీరసమో, కళ్ళు తిరగడమో. ఎక్కువ సందేహాలు వీళ్ళకే, ఎక్కువ మాటలు పడేదీ వీళ్ళే.

అపోహ: నడవగలిగినవాళ్ళకి వీల్‌చైర్ దేనికి?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కీళ్ళవాతం, మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల జబ్బు) లాంటివి ఉన్నవాళ్ళకి ఓపిక రోజుకింత అని కొలిచి పోసినట్టుంటుంది. పెద్ద ఓడల్లో కొన్ని 360 మీటర్ల పొడవు. క్యాబిన్ ఈ కొసన, భోజనాల హాలు ఆ కొసన ఉంటే టిఫిన్‌కి వెళ్ళి రావడానికే అర కిలోమీటరు దాటుతుంది.

ఒకావిడ మొదటి ప్రయాణానికి కుర్చీ ఇంట్లోనే వదిలేసి వెళ్ళారు. తొలిరోజు సాయంత్రానికే మంచం పట్టి, తర్వాతి రెండు రేవులూ కిటికీలోంచి చూశారు. రెండోసారి కుర్చీ తీసుకెళ్ళారు. హాలు దాకా అందులో వెళ్ళి, గోడవారగా ఆపి, బ్రేకులు వేసి, లేచి తన ప్లేటు తనే వడ్డించుకున్నారు. పక్క టేబుల్ వాళ్ళు గుసగుసలాడుకున్నారట. "ఆ నాలుగడుగులూ వేయడానికే కదండీ కుర్చీలో వచ్చాను" అన్నారు నాతో.

అపోహ: మడిచే కుర్చీయే కాబట్టి మామూలు క్యాబిన్ చాలు.

టేపు పెట్టి కొలవందే ఈ మాట అనకండి. చాలా ఓడల్లో మామూలు క్యాబిన్ తలుపు 22, 23 అంగుళాలే. కుర్చీలు తరచు అంతకన్నా వెడల్పు. మడిస్తే పడుతుంది, నిజమే. కానీ రాత్రి అలసిపోయి వచ్చి, తలుపు దగ్గర లేచి, మడిచి, లోపలికి లాగే ఓపిక ఉంటుందా? బయట నడవాలో వదిలేద్దామంటే ఒప్పుకోరు, ప్రమాదం జరిగితే అందరూ తప్పించుకునే దారి అది. బాత్రూమ్ గుమ్మం కూడా ఎత్తుగా ఉంటుంది. కార్నివాల్ లాంటి క్రూజ్ కంపెనీల్లో కొద్దిగా నడవగలిగేవాళ్ళ కోసం విడిగా ఒక రకం క్యాబిన్లున్నాయి. ఇలాంటివి ఓడకి కొన్నే, త్వరగా అయిపోతాయి. మీరు బాగా నడిచే రోజుని కాదు, లేవలేని రోజుని తలచుకుని క్యాబిన్ ఎంచుకోండి.

అపోహ: కుర్చీ ఓడలోనే ఇస్తారు.

సాధారణంగా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రమే. ప్రయాణమంతా కావాలంటే మీది తెచ్చుకోవాలి, లేదా అద్దెకి తీసుకోవాలి.

అపోహ: ఓడ ఆగిన ప్రతిచోటా దిగొచ్చు.

గ్రీస్‌లోని శాంటోరిని, కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్ లాంటి దీవుల దగ్గర ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది. అక్కడినుంచి టెండర్ అనే చిన్న పడవలో ఒడ్డుకి వెళ్ళాలి. కొన్ని అడుగులు వేయగలిగితే ఇక్కడ మీకు మేలే: మీరు సొంతంగా పడవలోకి అడుగుపెట్టగలిగితే, మడిచిన కుర్చీని సిబ్బంది అందించే వీలు ఎక్కువ. బరువైన ఎలక్ట్రిక్ కుర్చీకి ఆ అవకాశం తక్కువ. అలలు పెద్దగా ఉంటే ఎవరినైనా ఆపేస్తారు, ఆ మాటకి ఎదురుచెప్పకండి. ఒడ్డునే ఆగినా, పోటు వస్తే గ్యాంగ్‌వే (ఓడ ఎక్కి దిగే వంతెన) వాలు మారిపోతుంది. పొద్దున సులువుగా దిగినచోట సాయంత్రం తోసేవాళ్ళు కావాల్సి రావచ్చు.

అపోహ: బుకింగ్‌లో చెబితే ఎక్కనివ్వరు.

ఈ భయంతో దాచేవాళ్ళని చూశాను. అమెరికా జలాల్లో తిరిగే విదేశీ జెండా ఓడలకీ (వేరే దేశంలో నమోదైనవాటికీ) వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. యూరప్‌లో ఓడ ప్రయాణికుల హక్కులపై 1177/2010 నిబంధన ఉంది, సాయం కావాలంటే కనీసం 48 గంటల ముందు తెలపమంటుంది. భద్రత, ఓడ లేదా రేవు నిర్మాణం లాంటి కారణాలు మినహా, వైకల్యం ఉందని టికెట్ కాదనకూడదు. పైగా ప్రమాద సమయంలో లిఫ్టులు వాడనివ్వరు. మిమ్మల్ని మెట్లమీదుగా ఎవరు దించాలో సిబ్బందికి ముందే తెలియాలి. అందుకే ఫారంలో "కొంచెం నడుస్తాను" అని రాసి వదిలేయకండి. ఆసరా లేకుండా ఎన్ని మెట్లు దిగగలరో, ఎన్ని నిమిషాలు నిలబడగలరో, కుర్చీ బరువెంతో, మడిస్తే ఎంత వెడల్పో అంకెల్లో రాయండి.