డీవీసీ నోటీసు వస్తే అరెస్టు చేస్తారా?

కాపురం చెడి, డీవీసీ (గృహహింస కేసు) నోటీసు చేతికందిన మగవాళ్లు తిరుపతి కోర్టు దగ్గర మొదట అడిగేది ఒకటే, "సార్, అరెస్టు చేస్తారా?" అని. ఆ టెన్షన్‌తోనే అప్పు చేసి ముందస్తు బెయిలు కోసం పరుగెత్తేవాళ్లున్నారు, ఫోన్ ఆపేసి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే.

ఈ భయం పాతది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా కోడళ్ల చావులు ఆగలేదు, అందుకే భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసను శిక్షించడానికి 1983లో ఐపీసీలో 498ఏ సెక్షను చేర్చారు. మూడేళ్ల వరకు జైలు, నాన్ బెయిలబుల్. ఫిర్యాదులో పేరుంటే చాలు, వేరే ఊళ్లో ఉంటున్న ఆడబిడ్డను కూడా స్టేషనుకు పిలిచిన రోజులవి.

అయితే భర్త జైలుకెళ్లినా ఆ రాత్రి భార్య ఎక్కడ పడుకోవాలి, పిల్లలకు ఏం పెట్టాలి? దీనికి 498ఏలో జవాబు లేదు. ఆ జవాబు కోసమే 2005లో గృహహింస చట్టం చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. ఇందులో ఆమె అడిగేది రక్షణ, ఉండటానికి చోటు, మనోవర్తి, పిల్లల కస్టడీ, నష్టపరిహారం. విచారించేది మేజిస్ట్రేటే అయినా ఇవి సివిల్ తరహా ఉపశమనాలు, నోటీసు వచ్చినంత మాత్రాన అరెస్టు ఉండదు. రక్షణ ఉత్తర్వును మీరితేనే అది నేరం, ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. వాయిదాలకు పోకుండా, మన వాదన వినకుండానే ఇచ్చే ఎక్స్‌పార్టీ ఆర్డరు తెచ్చుకుని, మనోవర్తి బకాయి పెంచుకున్నాక వారెంటు వస్తే మాత్రం ఆ తప్పు చట్టానిది కాదు.

498ఏలో కూడా పరిస్థితి మారింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని, అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 2003లో, మన రాష్ట్రం 498ఏను కోర్టు అనుమతితో రాజీ పడదగ్గ కేసుగా మార్చింది. 2024 జులై 1 నుంచి జరిగినవాటికి అదే నేరం, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 85 కింద వస్తుంది.

నిజంగా చేయి చేసుకున్నవాడికి ఈ చరిత్ర అడ్డుపడదు, పడకూడదు కూడా. చేయనివాడు మొదటి వాయిదాకే వెళ్లి కౌంటరుకు (రాతపూర్వక జవాబుకు) టైము అడగాలి. జీతం దాచొద్దు. 2020 నాటి రజ్నేష్ - నేహా తీర్పు తర్వాత మనోవర్తి అడిగితే ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సిందే, అందులో అబద్ధం దొరికితే మిగతా మాటలనూ జడ్జి నమ్మరు. కేసులో పేరున్న అమ్మానాన్నలు చంద్రగిరిలో వేరే ఉంటున్నారంటే నోటిమాట చాలదు, ఆ ఇంటి కరెంటు బిల్లులు, రేషన్ కార్డు వకీలుకు ఇవ్వండి.