ఆపరేషన్ వీడియోల వెనక అసలు కథ

మన నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద ఆపరేషన్ అంటే చానా కాలం మద్రాసో వేలూరో రైలెక్కడమే గదా, ఇప్పుడు ఇక్కడే మెడికల్ కాలేజీలు వచ్చి పీజీలు (సర్జరీ నేర్చుకునే జూనియర్ డాక్టర్లు) ఫోన్లో ఆపరేషన్ వీడియో చూసుకుని మరీ ఆపరేషన్ థియేటర్‌కి పోతుంటే, ఏంది ఫోన్ చూసి కోస్తారా అని జనం భయపడుతున్నారు.

ఇది ఫోన్లతో మొదలైంది కాదు. 1890ల్లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ పెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తుంది, సీనియర్ పక్కన ఏళ్ల తరబడి నిలబడి కొద్దికొద్దిగా చెయ్యి కలపడం. మంచిదే, కాకపోతే ఏ యూనిట్లో పడ్డామనేదాన్ని బట్టే చదువు, సీనియర్‌కి రానిది జూనియర్‌కి రాదు.

దీన్ని కదిలించింది గాల్‌బ్లాడర్ (లివర్ కింద ఉండే పిత్తాశయం) ఆపరేషనే. 1985లో జర్మనీలో ఎరిక్ ముయె చిన్న రంధ్రాలతోనే దాన్ని తీసేశాడు, 1990లో బొంబాయిలో డాక్టర్ ఉద్వాడియా మన దేశంలో మొదలుపెట్టారు. ఆ రంధ్రంలోంచి కెమెరా లోపలికి పోయేసరికి సర్జన్‌కి కనిపించేదే టీవీలో అందరికీ కనిపిస్తుంది, రికార్డూ అవుతుంది. అయితే అప్పటికే చెయ్యి తిరిగిన సర్జన్లు చాలామంది రెండుమూడు రోజుల కోర్సు చేసొచ్చి మొదలుపెట్టేశారు, పాత పద్ధతిలో కన్నా బైల్ డక్ట్ (లివర్ నుంచి పైత్యరసం పేగులోకి పోయే అసలు గొట్టం) తెగడం ఎక్కువైంది, ఎందుకంటే గాల్‌బ్లాడర్ గొట్టం అనుకుని అసలు గొట్టాన్నే కోసేవాళ్లు. 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే ఆయన ఒక రూల్ గట్టిగా చెప్పాడు: చుట్టూ కొవ్వు శుభ్రం చెయ్, గాల్‌బ్లాడర్ కింది భాగం లివర్ నుంచి విడదియ్, దాంట్లోకి పోయేవి రెండే, ఒక గొట్టం ఒక రక్తనాళం, కనపడాలి, అప్పుడే క్లిప్ వెయ్. ఈ దృశ్యం ఫోటో తీసి పెట్టొచ్చు, ఇంకొకరు చూసి సరిగ్గా చేశాడో లేదో చెప్పొచ్చు, నాకు ఇదే పెద్ద మలుపు అనిపిస్తుంది.

తర్వాత 2000లో ఫ్రాన్స్ నుంచి వెబ్‌సర్జ్ అని ఆపరేషన్ వీడియోల సైట్ వచ్చింది, 2016లో జియో వచ్చాక డేటా చవకై మన పీజీల చేతికీ అందింది.

మధ్యలో 2013లో మిచిగన్‌లో జరిగింది మాత్రం మనోళ్లు పెద్దగా పట్టించుకోలా. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తలా ఒక వీడియో ఇస్తే, ఎవరిదో తెలీకుండా తోటి సర్జన్లు మార్కులేశారు. అందరికన్నా తక్కువ మార్కులొచ్చిన పావువంతు మంది పేషెంట్లలో 14.5 శాతం మందికి కాంప్లికేషన్లు, అందరికన్నా ఎక్కువ వచ్చిన పావువంతు మందికి 5.2 శాతమే. అంటే వీడియో పిల్లలు నేర్చుకోడానికే కాదు, పెద్దోళ్ల పని తూచడానికి కూడా.

మన దగ్గర తిరిగేవాటిలో రక్తం కారిన ముక్క కత్తిరించేసిన వీడియోలూ ఉంటాయి, చానావాటికి ఎవరు పెట్టారో తనిఖీ ఉండదు. పేషెంట్ ఒప్పుకుంటే, పేరు తీసేసి, కత్తిరించని వీడియో నెలనెలా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో వెయ్యాలి, మొదటిది ప్రొఫెసర్ గారిదే.