డిమెన్షియా ఉన్న పెద్దలకు పాట, ముగ్గు, కథ: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు, వచ్చిన పెద్దల ఇళ్లకు వెళ్లి పాటలు, ముగ్గులు, రంగులు, కథలతో వారి దగ్గర కూర్చోవడం నా వృత్తి. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక అంచనా చెబుతోంది. వంద మందిలో ఏడుగురికి పైనే. అయినా చాలా ఇళ్లలో దీన్ని ఇంకా చాదస్తమనే అంటారు. నా పని గురించి ఆ ఇళ్లలో తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా సమాధానాలు ఇవి.

అపోహ: పాటలు వినిపిస్తే మతి తిరిగి వస్తుంది.

రాదు. ఈ మాట మొదటి రోజే చెప్పేస్తాను. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అందులో తొలుత దెబ్బతినేవాటిలో ఒకటి, కొత్త సంగతులను దాచిపెట్టే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం. చిన్ననాటి నుంచి పాడుకున్న పాటకు, చేతికి అలవాటైన పనికి ఆధారం మెదడులో వేరే చోట్ల ఉంటుంది. ఆ చోట్లు చాలాకాలం నిలబడతాయి. అందుకే కొడుకు పేరు తట్టని తల్లి దంపుళ్ల పాటను చివరి చరణం దాకా పాడేస్తుంది. అది విని ఇంటిల్లిపాదీ నయమైపోతోందని సంబరపడతారు, మర్నాడు ఆమె మళ్లీ పేరు మరిచేసరికి కుంగిపోతారు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షల ప్రకారం సంగీత చికిత్సతో దిగులు కొంత తగ్గే అవకాశం ఉంది. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మెరుగుపడినట్టు చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. దిగులు తగ్గితే చాలదా? ఆ పూట ఆమె అన్నం తింటుంది, స్నానానికి లేస్తుంది. డాక్టరు రాసిన మందులు మాత్రం ఆపకూడదు.

అపోహ: శాస్త్రీయ సంగీతమైతేనే మెదడుకు మంచిది.

ఈ నమ్మకం మా ఊళ్లో కాస్త ఎక్కువ, అందుకు కారణమూ ఉంది. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడి వయోలిన్. ఈ పేర్లు వింటూ పెరిగిన ఊరు ఇది. అయితే డిమెన్షియాలో రాగం గొప్పదనం కంటే ఆ మనిషి యవ్వనం ముఖ్యం. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య విన్న పాటలే ఎక్కువకాలం నిలుస్తాయి.

గొర్రెలు కాసుకుంటూ పెరిగిన ఒక తాతగారికి కోడలు శ్రద్ధగా ఫోన్లో వీణ పెట్టేది. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒకరోజు నేను పీట మీద, మా వైపు గొల్లలు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల దరువు నెమ్మదిగా వేశాను. కాసేపటికి ఆయన రెండు చేతులూ ఛాతీ మీదికి వచ్చాయి. తప్పెట కట్టుకునేది అక్కడే. వేళ్లు దరువు అందుకున్నాయి, నా దరువు తప్పినా ఆయన తప్పలేదు. ఆయన ఒకప్పుడు తప్పెటగుళ్లు ఆడేవారన్న సంగతి కోడలికి తెలియదు.

అపోహ: "మా అమ్మకు ఏ కళా రాదండి."

ముగ్గు వేయని అమ్మ ఎవరు? చుక్కలు లెక్కపెట్టి కలపడం కష్టమైపోతే నేనే చుక్కలు పెట్టి ఒక మెలిక తిప్పి ఆగుతాను, మిగతాది ఆమె ఇష్టం. గీత ఎటు పోయినా దిద్దను. బయట అమ్మే రాతి ముగ్గుపిండి వద్దు, కంట్లోనో నోట్లోనో పడుతుంది. బియ్యప్పిండి వాడండి.

ఖద్దరుకు పేరుపడిన పొందూరు వైపు నూలు వడికిన ఒక మామ్మగారి ఒళ్లో కొంచెం పత్తి పెట్టి చూడండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. నేను కలిసిన ఆవిడకు ఆ ఎముక పేరు నోటికి రాలేదు గానీ, చేతికి ఇవ్వగానే వేళ్లు పని మొదలుపెట్టాయి. అలాంటి చేతులకు పసిపిల్లల రంగుల పుస్తకం ఇవ్వడం నాకు నచ్చదు. పెద్దవారికి పెద్దవారి పనే ఇవ్వాలి.

అపోహ: "గుర్తుందా?" అని పదేపదే అడిగితే జ్ఞాపకశక్తి పదునెక్కుతుంది.

ప్రేమతోనే అడుగుతారు. పాత ఫోటో తెచ్చి "ఇదెవరో చెప్పు చూద్దాం" అంటారు. చెప్పలేని మనిషికి అది అందరి ముందూ తప్పిన పరీక్ష. తర్వాత ఆల్బం చూస్తేనే లేచి వెళ్లిపోతారు. జ్ఞాపకం అక్కర్లేని ప్రశ్న వేయండి. గుర్తుతెచ్చుకోవడం వదిలేసి ఊహించమనే పద్ధతిని అమెరికాలో ఆన్ బాస్టింగ్ 1990లలోనే రూపొందించారు. మన ఇళ్లలో దానికి ఒక క్యాలెండర్ బొమ్మ చాలు.

బుట్ట నెత్తిన పెట్టుకున్న స్త్రీ బొమ్మ చూపించి ఒక మామ్మగారిని, "బుట్టలో ఏముందంటారు?" అని అడిగాను.

"ఎండు నెత్తళ్లు."

"ఎవరికండీ?"

"అల్లుడుగారికి. ఆయన తినరు గానీ పెట్టాలి కదా."

ఆమె అన్నది అన్నట్టే రాసి చదివి వినిపించాను. ఆమె పకపకా నవ్వి, ఆ అల్లుడికి ఒక పేరు కూడా పెట్టారు. తప్పు జవాబుకు చోటే లేదు కాబట్టి ఆమెకు భయం లేదు. నా పనిలో సారమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

అపోహ: ఎలాగూ మరిచిపోతారు, ఇంత శ్రమ ఎందుకు?

అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో అల్జీమర్స్ ఉన్నవారికి సంతోషం, దుఃఖం కలిగించే సినిమా ముక్కలు చూపించారు. చూసినది మరిచిపోయాక కూడా ఆ భావం వారిలో నిలిచి ఉంది. మీరు చూపిన విసుగూ వారిలో అలాగే మిగిలిపోతుంది.

అపోహ: మంచి జరగకపోయినా హాని అయితే లేదు.

ఉంది. భర్త పోయిన రోజుల్లో విన్న భజన ఒకటి చాలు, సాయంత్రమంతా ఏడుస్తారు. టీవీ ఆపకుండా పాట పెడితే రెండు శబ్దాలూ కలిసి చికాకు పుడుతుంది. పొద్దు వాలాక కలవరం పెరిగేవారితో పొద్దుటే కూర్చోండి. కళ్లజోడు, చెవి మిషను ఉంటే ముందు అవి పెట్టండి. మొహం ముడుచుకున్నా, చేయి వెనక్కి తీసుకున్నా ఆపేయండి.

ఇంకొక్క మాట. నిన్నటిదాకా బాగున్నవారు ఒకటి రెండు రోజుల్లో మాట తడబడి, పగలంతా మగతగా ఉండి, మనుషులను పోల్చుకోలేకపోతే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసిన మాత్ర, పక్షవాతం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అలాంటప్పుడు పాటలు పెడుతూ కూర్చోకండి, నా కోసమూ ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని మరీ వెళ్లండి.